గురుశిష్యుల గ్లైడరు

బావిలో ఈత నేర్పువాని పద్ధతి మనమందరము ఎరిగినదే. పిల్లవాని వీపునకు బెండ్లు కట్టును. తానును నీటిలోనికి దిగి, వాని కడుపు క్రింద అరచేయి ఆనించి, కాలుసేతులు ఆడింపుమనును. కొంత పట్టు చిక్కిన పిమ్మట, వానికి తెలియకుండ ఆ చేతిని తీసివేయును. ఆకాశమున ఎగురుట నేర్పువారికి మాత్రము ఈ పద్ధతి చాలకాలము అలవాటు కాలేదు. నేర్పువాడు గట్టుననే నిలిచి, నేర్చువానిని ఒంటరిగా గాలిలోనికి పంపిన రోజులు కలవు. ఆ ఆచారమును మార్చిన వానిలో ఒకటైన ఇంగ్లండు శిక్షణ గ్లైడరును గూర్చి ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

గ్లైడరు అనగా ఇంజను లేని విమానము. ఇంజను లేనిది ఎట్లు ఎగురును? పల్లమునకు వదలిన బండి తన బరువుచేతనే దొర్లును గదా. గ్లైడరును అట్లే గాలిలో ఒక వాలు వెంబడి ముందునకు జారుచు, క్రమముగా దిగుచుండును. ఆ ముందునడకవలన రెక్కల చుట్టును గాలి ప్రవహించి, దానిని మోయు బలము పుట్టును. ముక్కు మరీ పైకి ఎత్తినచో వేగము తగ్గును. వేగము మితిమీరి తగ్గినచో రెక్కలు మోయజాలవు. గ్లైడరు దిగ్గున క్రుంగును. దీనిని వైమానికులు స్టాల్ అందురు. కాగిన నేలనుండి పైకి లేచు గాలి దొరికినచో, గ్లైడరు దిగుటకు మారుగా ఎత్తునకు పోవును. ఎండవేళ గ్రద్ద రెక్క ఆడింపకయే చుట్లు తిరుగుచు పైకెక్కుట ఇందువలననే.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సంధి షరతులు జర్మనీలో ఇంజను విమానముల నిర్మాణమును అరికట్టెను. అచ్చటి యువకులు గ్లైడర్లవైపు మరలిరి. 1920లో వాసర్‌కుప్పె అను కొండమీద వారి పోటీలు ఆరంభమయ్యెను. నేర్చుకొనుటకు వాడిన గ్లైడరు మిక్కిలి నిరాడంబరమైనది: ఒక కొయ్య దూలము, దానిపై ఒక పీట, పైన రెక్క, వెనుక తోక. పీట ఒక్కటే. శిష్యుడు దానిపై కూర్చుండగా, స్నేహితులు రబ్బరు తాడును రెండు పాయలుగా లాగి, ఉండేలుబద్దనుండి రాయి విడిచినట్లు విడుతురు. మొదట నేలమీద జారుట, పిమ్మట కొద్ది అడుగుల ఎత్తున గంతులు, ఆ పిమ్మట పరీక్షలు. 30 సెకండ్లు ఎగిరినవానికి ‘ఎ’ చిహ్నము. 60 సెకండ్లు ఎగిరినవానికి ‘బి’ చిహ్నము.

ఈ పద్ధతిలో లోపము స్పష్టమే. గురువు నేలనుండి ఎంత అరచినను ఆ కేక శిష్యుని చెవి చేరులోపల తప్పు జరిగియే పోవును. అంతేకాదు, దినమంతయు గ్లైడరును కొండమీదికి లాగి అలసిన శిష్యునకు గాలిలో దక్కునది కొన్ని సెకండ్లు మాత్రమే. భయము తీరుటకైన ఆ వ్యవధి చాలదు. రెండుపీటల గ్లైడర్లు అప్పటికే లేకపోలేదు. కాని ఆరంభశిక్షణకు వానిని వాడు ఆచారము ఇంకను స్థిరపడలేదు.

ఇంగ్లండులో ఫ్రెడ్ స్లింగ్స్‌బీ అను నతడు యార్క్‌షైరులో కొయ్య సామానుల పనివాడు. మొదటి ప్రపంచయుద్ధమున విమానములో తుపాకి పేల్చు సైనికుడుగా ఉండగా పైలటు శత్రువుల గుండుకు బలి అయ్యెను. స్లింగ్స్‌బీ తన చోటునుండి ప్రాకి వెళ్లి, పగ్గములు చేతబట్టి, విమానమును తమ సైన్యమువైపునకు చేర్చెను. ఇందులకు ఆయనకు మిలిటరీ మెడల్ లభించినది. ఆయన 1931లో తన మొదటి గ్లైడరును కట్టెను. 1935 నాటికే ప్రక్కప్రక్కన ఇరువురు కూర్చుండు గ్లైడరును కూడ నిర్మించెను. ఆ ఆలోచన ముదిరి 1944లో టి.21 అను నమూనాగా ఎగిరినది. దానిని సవరించిన టి.21బి 1947 చివర వెలువడినది. బ్రిటిష్ వైమానికదళము తన బాలసైనికుల శిక్షణకై దీనిని స్వీకరించి, ‘సెడ్‌బర్గ్’ అని పేరు పెట్టెను.

దీని ప్రతి కొలతయు పాఠశాల అవసరమునుండి పుట్టినదే. రెక్కల మొత్తము పొడవు 54 అడుగులు. వట్టి బరువు సుమారు 270 కిలోలు. బరువునకు రెక్కల వైశాల్యము ఎక్కువగుటచే, గంటకు 50 కిలోమీటర్లకు తగ్గిన వేగమున కూడ ఇది గాలిలో నిలువగలదు. వేగము తక్కువైనకొలది శిష్యునకు ఆలోచించుటకు వ్యవధి ఎక్కువ. రెక్కలు పైన ఉండి, ఇరువైపుల ఒక్కొక్క ఊతకమ్మి వానిని పట్టియుంచును. కట్టడమంతయు కొయ్య, ప్లైవుడ్, గుడ్డ. మొరటుగా దిగి ఏదేని విరిగినచో, నేర్పరియైన వడ్రంగి అతుకగలడు.

ఇరువురును ఒకే గదిలో ప్రక్కప్రక్కన, పైకప్పు లేకుండ కూర్చుందురు. అంత వెడల్పయిన ముక్కు గాలికి అడ్డు తగులును. అందుచే ఇది దూరపు పందెములకు తగదు. నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగునప్పటికి మించినచో 21 మీటర్లు ముందునకు సాగును. కాని గురువునకు శిష్యుని చేయి కనిపించును, ముఖము కనిపించును, మామూలు గొంతుతో మాటాడిన వినిపించును. ఒకరి వెనుక ఒకరు కూర్చుండు టి.31 అను గ్లైడరును కూడ స్లింగ్స్‌బీ సంస్థ 1949లో రూపొందించెను. అందు గురువునకు కానవచ్చునది శిష్యుని తల వెనుకభాగమే. పిడికిలి బిగిసినదా, చూపు క్షితిజముపై నిలిచినదా, పనిముట్లపై తగులుకొన్నదా యనునది ప్రక్కన కూర్చున్నవానికే తెలియును.

పాఠము ఎట్లు సాగును? నేలమీది ఇంజను ఒక పెద్ద రాట్నమువంటి చక్రమున ఉక్కు తాడును చుట్టుచుండగా, గ్లైడరు గాలిపటమువలె లేచును. సుమారు 300 మీటర్ల ఎత్తున తాడు వదలుదురు. అటుపిమ్మట మైదానమును చుట్టి దిగుటకు సుమారు 5 నిమిషములు పట్టును. ముందుకాలపు శిష్యునకు పెక్కుదినములలో దొరకని అనుభవము ఇందు ఒక్క సారికే దొరకును. తగినంత ఎత్తునకు చేరినచో గురువు కావలెననియే ముక్కెత్తి స్టాల్ చూపి, ముక్కు దించి వేగము తిరిగి తెచ్చుకొను విధమును శిష్యునిచే చేయించును. ప్రాణము తీయగల తప్పు ఇట్లు పాఠముగా మారినది. ఇచ్చట కష్టము గురువునకే. శిష్యుని తప్పును చూచుచు, అది అపాయమగు హద్దు చేరువరకు కర్రను ముట్టక యుండవలెను. తొందరపడి ముట్టినచో శిష్యుడు నేర్వడు. ఆలస్యమైనచో ఇరువురికిని ముప్పు.

మన దేశమున కూడ ఈ మార్గమే అనుసరింపబడినది. పౌర విమానయాన శాఖలో ఎస్. రామామృతంగారు రూపొందించిన ‘రోహిణి’ గ్లైడరు 1961 మే 10న మొదట ఎగిరినది. అదియు కొయ్యతో కట్టినదే. అందును గురుశిష్యులది ప్రక్కప్రక్క ఆసనమే. ఇంగ్లండు బాలసైనికులు మాత్రము 1980వ దశకమున సెడ్‌బర్గ్‌ను విడిచి, గాజునారతో చేసిన గ్లైడర్లకు మారిరి. పాత గ్లైడర్లను ప్రేమించువారు నేటికిని కొన్నిటిని భద్రపరచి ఎగురవేయుచున్నారు.

ఒకనాడు గురువు దిగి, తన పీట పట్టీలను కర్రకు తగులకుండ బిగించి, తొలగిపోవును. ఆనాడు గ్లైడరు ఒక మనిషి బరువు తగ్గి, అలవాటైన దానికంటె చురుకుగా పైకి లేచును. ఈ సంగతి గురువు ముందుగా చెప్పియే పంపును. శిష్యుడు మైదానమును చుట్టి వచ్చువరకు ఆయన గడ్డిమీద నిలిచి చూచుచుండును, కేకవేయడు.