ఇంట కూర్చుండి విమానయానము

విమానము నడపవలెనను కోరిక పలువురకు కలుగును. నడపు అవకాశము కొందరకే లభించును. శిక్షణకు లక్షలకొలది రూపాయలు కావలెను. ఆరోగ్య పరీక్షలలో నెగ్గవలెను. అన్నిటికి మించి తీరిక ఉండవలెను. ఇవి లేనివారు సయితము నేడు సాయంకాలము ఒక గంటసేపు తమ గదిలో కూర్చుండి, కంప్యూటరు తెరపై విమానమును నేలనుండి లేపి, మబ్బులలో నడిపి, వేరొక ఊరిలో దింపగలుగుచున్నారు. ఈ వినోదమునకు ఫ్లయిట్ సిమ్యులేషన్ అని పేరు. విమానయానమును సాధ్యమైనంత యథార్థముగా అనుకరించుట అని దాని అర్థము.

అనుకరణము రేడియో శ్రోతలకు క్రొత్తది కాదు. రేడియో నాటకములో రేకుపలకను ఊపి ఉరుమును వినిపించుట కలదు. శ్రోత దానిని ఉరుముగనే గ్రహించి, కథలోని గొల్లపిల్లవాడు తడిసిపోవునేమో అని ఆరాటపడును. వస్తువు అచ్చమైనది కాకపోయినను, అది మనలో కలిగించు స్పందనము అచ్చమైనదైనచో చాలును. సిమ్యులేటరునకు గూడ ఇదియే మూలసూత్రము.

అయితే ఇంటిలో కుమారుడో కుమార్తెయో ఈ వినోదమును కోరి, దానికై క్రొత్త కంప్యూటరు కావలెనని అడిగినప్పుడు తల్లిదండ్రులకు రెండు సందేహములు కలుగును. ఇది ఆటయా, విద్యయా? దీనికి ఎంత ధనము వెచ్చింపవచ్చును? మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినగాని రెండవదానికి దొరకదు. ఏ విధమగు విమానయానము చేయదలచితిమో ముందుగా తెలిసికొని, పిదప యంత్రమును ఎన్నుకొనవలెను. పలువురు దీనికి విపరీతముగా, యంత్రమును కొని, పిమ్మట దానితో ఏమి చేయవలెనా అని వెదకికొనుచున్నారు.

వాద్యపు తిత్తులనుండి పుట్టిన యంత్రము

ఈ విద్యకు ఆద్యులలో ముఖ్యుడు ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశీయుడు. న్యూయార్క్ రాష్ట్రమందలి బింగ్‌హామ్‌టన్ పట్టణమున ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యములు తయారుచేయు కర్మాగారముండెను. విమానము నడుపుట నేర్చుకొనుటకగు వ్యయమును చూచి, కొంత అభ్యాసమును నేలమీదనే చేయించు సాధనమేల ఉండరాదని లింక్ ఆలోచించెను. ఆర్గన్ వాద్యములో గాలిని ఆడించు తిత్తులపై చిన్న చెక్క విమానమును నిలిపి, 1929 నాటికి ఒక యంత్రమును సిద్ధపరచెను. లోపల కూర్చున్నవాడు చేతికర్రను కదల్చినచో, తిత్తులు ఉబ్బుచు, ముడుచుకొనుచు ఆ బొమ్మవిమానమును అటునిటు ఒరగించును. మొదట దీనిని ఆదరించినవారు వైమానిక శిక్షకులు కారు, వినోదశాలల యజమానులు!

1934 ఫిబ్రవరిలో పరిస్థితి మారినది. అమెరికా ప్రభుత్వము విమానములద్వారా టపా చేరవేయు పనిని తన సైనిక వైమానికులకు అప్పగించెను. అది కఠినమైన శీతకాలము. మంచులోను, మేఘములలోను, రాత్రులయందును కేవలము పరికరములను చూచి నడపు అభ్యాసము ఆ యువకులలో అనేకులకు చాలదు. కొలది వారములలోనే పలువురు మరణించిరి.

ఈ మరణములకు గల కారణము తెలిసికొనదగినది. మేఘములో ప్రవేశించినవానికి నేలయు ఆకాశమును కానరావు. చెవి లోపలనుండి మనకు నిలుకడను తెలుపు అవయవము అప్పుడు మోసగించును. విమానము మెల్లగా ఒరిగి వలయముగా తిరుగుచున్నను, తాను తిన్నగా పోవుచున్నట్లే నడపువానికి తోచును. ఆ తోపును నమ్మినవాడు సుడి తిరుగుచు నేలకూలును. ఎదుటనున్న గడియారముల ముండ్లను నమ్మినవాడు బ్రతికి బయటపడును. తన శరీరము చెప్పుదానిని త్రోసిపుచ్చి, ముల్లు చెప్పుదానిని నమ్ముట మానవ స్వభావమునకు విరుద్ధము. కావుననే దానికి అభ్యాసము కావలెను.

ఆ సంవత్సరముననే అమెరికా సైన్యము లింక్ యంత్రములను ఆరింటిని కొనెను. శిష్యుని లోపల కూర్చుండబెట్టి పైన మూత వేయుదురు. అతనికి ముండ్లు తప్ప మరేమియు కానరాదు. చెవులలో మాత్రము రేడియో సంకేతము వినబడుచుండును. నాటి వైమానిక మార్గములలో, దారికి ఒక ప్రక్కన మోర్సు లిపిలోని ‘ఏ’ అక్షరము, రెండవ ప్రక్కన ‘ఎన్’ అక్షరము వినిపించెడివి. ఒకటి హ్రస్వదీర్ఘము, రెండవది దీర్ఘహ్రస్వము. సరిగా దారిమధ్యకు వచ్చినచో ఆ రెండును కలిసిపోయి ఎడతెగని నాదమగును. చెవి ఆధారముగా దారి తెలిసికొను ఈ విద్యను లింక్ యంత్రము లక్షలకొలది యువకులకు రెండవ ప్రపంచ యుద్ధకాలమున నేర్పినది. తప్పు చేసినవాడు మరణింపడు. మూత తీసి, మరల మొదలుపెట్టును.

ఇండ్లలో ప్రవేశించిన విధము

కంప్యూటరు తెరపై విమానయానమును గృహములకు తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1975లో ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసము, విమానగమనమును కంప్యూటరుద్వారా చిత్రించుటకు సంబంధించినది. 1979 చివర ఆపిల్-2 కంప్యూటరుకొరకు ఆయన సిద్ధపరచిన సిమ్యులేటరు 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తిలో ఇమిడినది. నేల కొన్ని గీతలు, కొండలు మరికొన్ని గీతలు, అంతే. నేడు సామాన్యమైన కంప్యూటరులోనుండు 16 గిగాబైట్లు దానికి పది లక్షల రెట్లకు పైగా అగును.

1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని ఐ.బి.ఎం. కంప్యూటర్లకు తెచ్చినది. అందులో ప్రయాణము చికాగో నగరమున సరస్సు ఒడ్డుననున్న మెగ్స్ ఫీల్డ్ అను చిన్న విమానాశ్రయమునుండి ప్రారంభమయ్యెడిది. 2003 మార్చిలో నగరపాలకులు రాత్రికి రాత్రి దాని రన్‌వేను త్రవ్వించి మూసివేసిరి. నేడచట ఉద్యానవనము కలదు. అయినను పాత సిమ్యులేటరును తెరచినవారికి ఆ రన్‌వే నేటికిని యథాతథముగా కనబడును.

ప్రస్తుతము మూడు సిమ్యులేటర్లు ముఖ్యముగా పేర్కొనదగినవి. మైక్రోసాఫ్ట్ వారిది 2020లో నూతన రూపమున వచ్చి, 2024లో మరల సంస్కరింపబడినది. ఉపగ్రహ చిత్రములనుండి భూమండలము నంతటిని చూపుట దీని విశేషము. 1995 నుండి ఉన్న ఎక్స్-ప్లేన్, రెక్కను చిన్నచిన్న ఖండములుగా విభజించి ఒక్కొక్క ఖండముపై గాలి కలిగించు బలమును గణించును. మూడవది ఫ్లయిట్‌గేర్; ఇది పూర్తిగా ఉచితము, ఔత్సాహికులు స్వచ్ఛందముగా పెంపొందించుచున్నది.

ఆనందము ఎచ్చట కలదు?

క్రొత్తవారు సాధారణముగా పెద్ద జెట్ విమానమును ఎన్నుకొని, వారము దినములలో విసిగి మానుకొందురు. సెస్నా 172 వంటి చిన్న విమానముతో మొదలిడుట మేలు. అది వేగముగా పోదు. కనుక ఆలోచించుటకు వ్యవధి నిచ్చును. గంటకు సుమారు 65 నాట్లు, అనగా 120 కిలోమీటర్ల వేగముతో దిగుటకు వచ్చును.

ఒక చిన్న పాఠము చెప్పెదను. ఎత్తు మారకుండ, సెకనుకు 3 డిగ్రీల చొప్పున విమానమును త్రిప్పుడు. సరిగా 120 సెకండ్లలో పూర్తి వలయము ముగిసి, బయలుదేరిన దిక్కునకే మరల రావలెను. మొదటి ప్రయత్నమున ఎత్తు కొన్ని వందల అడుగులు తగ్గుట సహజము. ఒరిగిన రెక్క పైకెత్తు బలములో కొంత ప్రక్కకు పోవును. ఆ లోటును తీర్చుటకు ముక్కును కొంచెము పైకెత్తవలెను. ఈ సంగతిని పుస్తకమున చదువుట వేరు, చేతితో తెలిసికొనుట వేరు. పదవ ప్రయత్నమున ముల్లు కదలక నిలిచినప్పుడు కలుగు తృప్తి ఏ సుందర దృశ్యమును ఈయజాలదు.

పిదప మనకు తెలిసిన నేలపై ప్రయాణము చేయవచ్చును. గన్నవరమునుండి ఈశాన్యముగా రాజమహేంద్రవరమునకు సుమారు 126 కిలోమీటర్లు. సెస్నాలో 40 నిమిషముల ప్రయాణము. దారిలో ఏలూరు పట్టణము క్రిందుగా పోవును. కుడిచేతి వైపున కొల్లేరు కనబడును. చివరకు గోదావరి అడ్డము వచ్చును. కొవ్వూరు వద్ద వంతెనలు కుడిప్రక్కన కనబడినచో దారి తప్పలేదని గ్రహింపవచ్చును. రైలులో ఎన్నోసార్లు పోయినవారికి సయితము తమ జిల్లాల భూగోళము అప్పుడు నూతనముగా బోధపడును.

తోడు కావలెననువారికి 2001లో ప్రారంభమైన వాట్‌సిమ్ అను అంతర్జాల సంఘము కలదు. దానిలో స్వచ్ఛంద సేవకులు విమానాశ్రయపు కంట్రోలర్లుగా కూర్చుండి, నిజమైన పద్ధతిలోనే ఆజ్ఞలు వినిపింతురు. మైకులో స్పష్టముగా, క్లుప్తముగా మాటలాడుట అచ్చట అలవడును. ఈ గుణమును రేడియోలో పనిచేయువారు మెచ్చుకొనక మానరు.

దీనికి గల పరిమితిని గూడ చెప్పవలెను. ఇంటిలో గడపిన గంటలు వైమానిక లైసెన్సునకు లెక్కకు రావు. కుర్చీ కదలదు, శరీరమునకు బరువు పెరుగుటయు తగ్గుటయు తెలియవు. కాని పరికరములను చదువుట, క్రమము తప్పక తనిఖీ చేయుట, తొందరపడకుండుట, ఈ మూడు నిజముగనే అలవడును. కావున ఇది వట్టి ఆటయు కాదు, సంపూర్ణ విద్యయు కాదు, విద్యకు ముంగిలి.

యంత్రమును ఎన్నుకొనుట

సిమ్యులేటరు చేయు పనిని గ్రహించినచో ఎన్నిక సులభమగును. బరువు, పైకెత్తు బలము, ఇంజను లాగు బలము, గాలి నిరోధము, ఈ నాల్గింటిని కంప్యూటరు ఎడతెగక లెక్కించి, విమానము ఎచ్చటనున్నదో నిశ్చయించి, అచ్చటినుండి కనబడు దృశ్యమును చిత్రింపవలెను. సెకనుకు 30 చిత్రములైన చూపు సాఫీగా సాగును. అనగా ఒక్కొక్క చిత్రమునకు సెకనులో 30వ వంతు మాత్రమే వ్యవధి. లెక్కలు చేయునది ప్రాసెసరు. బొమ్మ గీయునది గ్రాఫిక్స్ కార్డు. లెక్క ఆలస్యమైనచో గీయునది ఊరక నిలిచియుండును. ఈ లెక్కలలో అధికభాగము ఒకదాని వెంట ఒకటిగా జరుగవలసినవి కనుక, నెమ్మదియైన కోర్లు అనేకము ఉండుటకంటె వేగముగల కోర్లు కొన్ని ఉండుట మేలు. గ్రాఫిక్స్ కార్డునకే ధనమంతయు పోసి ప్రాసెసరును నిర్లక్ష్యము చేయుట సాధారణముగా జరుగు పొరపాటు.

ర్యామ్ విషయమున, మైక్రోసాఫ్ట్ 2024 సిమ్యులేటరునకు నిర్మాతలు కనీసము 16, మేలైన పక్షమున 32 గిగాబైట్లు ఉండవలెనని తెలిపియున్నారు. అది దృశ్యములలో అధికభాగమును ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెప్పించుకొనును. కనుక ఇంటిలో ఇంటర్నెట్ బలహీనమైనచో ఎంత ఖరీదైన యంత్రమైనను కొండలు మైనపు ముద్దలవలె కనబడును. నిలువకు పాతరకపు హార్డ్ డిస్కు కాక ఎస్.ఎస్.డి. ఉండుట ఆవశ్యకము.

మానిటరు విషయమున ఒక చిన్న లెక్క కలదు. 1920 × 1080 చుక్కల తెరకంటె 3840 × 2160 చుక్కల తెరలో చుక్కలు నాలుగు రెట్లు. ఆ మేరకు గ్రాఫిక్స్ కార్డు శ్రమ పెరుగును. పెద్ద తెరను కోరువారు దానికి తగిన కార్డును గూడ కొనక తప్పదు. మధ్యతరగతి గృహమునకు మొదటిది చాలును.

ల్యాప్‌టాప్ కొనవలెనా, బల్లపైనుంచు డెస్క్‌టాప్ కొనవలెనా? చోటున్నచో డెస్క్‌టాపే మేలు. ఒకే పేరుగల గ్రాఫిక్స్ చిప్పు ల్యాప్‌టాప్‌లో తక్కువ విద్యుత్తుతో, తక్కువ శక్తితో పనిచేయును. మన వేసవిలో అది త్వరగా వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. డెస్క్‌టాప్‌లో నేడు 16 గిగాబైట్లు పెట్టి రెండేండ్ల తరువాత మరి 16 చేర్చవచ్చును. దానికి తగిన యు.పి.ఎస్. మాత్రము తప్పక ఉండవలెను. కరెంటు హఠాత్తుగా పోయినచో ప్రయాణము చెడుటయే కాక యంత్రమునకును కీడు. కంప్యూటరు కొననొల్లనివారు మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరును ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రముపై టెలివిజనుకు తగిలించి నడపవచ్చును.

పిండికొద్ది రొట్టె అన్నారు. కనుక క్రమము ఇది. ముందుగా ఇంటనున్న కంప్యూటరులోనే ఫ్లయిట్‌గేర్‌ను గాని, ఎక్స్-ప్లేన్ ఉచిత నమూనాను గాని ఎక్కించి, చిత్రముల వన్నెలు తగ్గించి, ఒక నెల అభ్యసింపుడు. తరువాత సాధారణమైన జాయ్‌స్టిక్ ఒకటి కొనుడు. కీబోర్డు మీటలతో సున్నితముగా నడపుట కష్టము. రెండు నిమిషముల మలుపు ఎత్తు తప్పక సాధ్యమైన పిదపను ఆసక్తి నిలిచియున్నచో, అప్పుడు క్రొత్త యంత్రమును గూర్చి ఆలోచింపుడు. అప్పటికి మీకు కావలసినది చిన్న విమానములా, పెద్ద జెట్లా, దృశ్యములా, పరికరములా అన్నది మీకే తెలిసియుండును. నెలలోపల ఆసక్తి చల్లారినచో, వ్యయము శూన్యము, విచారింప పనిలేదు.

నేల విడిచి సాము చేయరాదని పెద్దల మాట. ఇది నేల విడువక చేయు సాము. లింక్ తిత్తుల పెట్టెలోని యువకునికి నేర్పినది, నేటి తెర ముందు కూర్చున్న బాలికకు నేర్పుచున్నది ఒకటే: తోచినదానిని గాక, తెలిసినదానిని నమ్ముము. ఆ పాఠమునకు ఖరీదైన యంత్రము అవసరము లేదు, ఓపిక అవసరము.