శశిరేఖలో ఘటోత్కచుడు

సావిత్రి అంటే నాకు 2018లో వచ్చిన ‘మహానటి’ సినిమానే. అంటే అప్పులు, కోమా, 1981లో చావు. మొన్న సెలవులకి కొండపల్లి వెళ్తే, అమ్మమ్మ నా ఫోన్లో ‘మాయాబజార్’ (1957) పెట్టించి, “ముందు ఇది చూడరా” అంది.

సావిత్రిది కృష్ణ అవతల చిర్రావూరు. డాన్స్, నాటకాలు బెజవాడలోనే. ‘పాతాళ భైరవి’ (1951)లో ఒక్క డాన్స్ చేసింది. రెండేళ్లకే ‘దేవదాసు’లో పార్వతి! తర్వాత 1968లో ‘చిన్నారి పాపలు’ డైరెక్ట్ కూడా చేసింది.

‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వస్తాడు కదా. పెళ్లి పాటలో సుశీల గొంతు ఆగి ఘంటసాల గొంతు వస్తుంది. లాగిన్ అదే, యూజర్ మారిపోయాడు! భుజాలు, చూపు, దర్పం అన్నీ ఎస్వీ రంగారావువే. అంతలోనే తేరుకుని మళ్లీ పెళ్లికూతురు సిగ్గు.

ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పా. “కథ ముందుకి పోనివ్వరా” అని అమ్మమ్మ విసుక్కుంది.