ఎంఐజీలో మిడిల్ క్లాస్ ఎక్కడ?

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఎవరినైనా అడ్రస్ అడగండి. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అనే మాటలు వినిపిస్తాయి. ఇప్పుడవి ఇంటి నంబర్లో భాగం, అంతే. హౌసింగ్ బోర్డు ఆ కాలనీ కట్టినప్పుడు మాత్రం అవి ఆదాయం లెక్కలు. ఎంఐజీ అంటే మిడిల్ ఇన్‌కమ్ గ్రూప్. మధ్యతరగతికి ఇంత ఇల్లు అని సర్కారే గీత గీసి ఇచ్చింది.

నేనుండేది అలాంటి ఒక ఎంఐజీ ప్లాట్‌లోనే. కాకపోతే అక్కడ ఇప్పుడు ఇల్లు లేదు, ఐదంతస్తుల హాస్టల్ ఉంది. త్రీ షేరింగ్. ముగ్గురం ఇంజనీర్లమే. (నాలుగో మంచం పడితే ఓనర్ అదీ వేసేవాడు.)

ఈ సిటీలో పాత మధ్యతరగతి ఎలా తయారైంది? బాలానగర్ ఐడీపీఎల్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, చింతల్ హెచ్ఎంటీ, అటువైపు ఈసీఐఎల్. ఐటీఐ చదివిన టెక్నీషియన్‌కి కూడా పర్మినెంట్ ఉద్యోగం, పీఎఫ్. రిటైరయ్యేలోపు నూరో, నూటయాభయ్యో గజాల్లో సొంతిల్లు. జీతాలేం గొప్పవి కావు. ఉద్యోగం గట్టిది, భూమి చవక. ఆ రెండూ చాలాయి.

మాకు ఆ రెండూ లేవు. పెద్ద ఐటీ కంపెనీలు కాలేజీల్లో గంపగుత్తగా తీసుకునే ఫ్రెషర్లకి పదిహేనేళ్ల కింద మూడు లక్షల చిల్లర ఇచ్చేవి. ఇప్పుడూ చాలామందికి మూడున్నర దగ్గరే. భూమి మాత్రం ఆగలేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరంలో లేచేది మనకోసం కట్టే టూ బీహెచ్‌కే అయితే కాదు.

75 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 15 లక్షలు మనవి, 60 లక్షలు లోన్. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకి 52 వేలు. మొత్తం కట్టేది కోటీ పాతిక లక్షలు. చేతికి 80 వేలొచ్చేవాడికి మిగిలేది 28 వేలు. అందులోనే స్కూల్ ఫీజు, పెట్రోలు, ఊళ్లో అమ్మానాన్నల మందులు. ‘ఐఫోన్లు, బిర్యానీలు మానేస్తే ఇల్లు వస్తుంది’ అనే బాబాయిలు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

2019లో జీఎస్టీ కోసం అఫర్డబుల్ హౌసింగ్‌కి హద్దు పెట్టారు. మెట్రోల్లో 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షల లోపు. అలాంటి దానికి పన్ను ఒక శాతం, దాటితే ఐదు. హైదరాబాద్‌లో మంచి ఏరియాలో 45 లక్షలకి కొత్త ఫ్లాట్ దొరికితే నాకూ చెప్పండి.

ఈ గ్యాప్‌లోకే ప్రీలాంచ్ ఆఫర్లు దూరాయి. మొత్తం డబ్బు ముందే కడితే సగం ధరకే ఫ్లాట్ అంటారు. రెరా నంబర్ లేకుండా అలా అమ్మకూడదని 2016 చట్టంలోనే ఉంది. అయినా జనం కడుతున్నారు. ఆశపోతులని తిట్టడం తేలికే గానీ, వాళ్లకి అందే ధర అక్కడ తప్ప ఇంకెక్కడా కనిపించలేదు.

మా టీమ్‌లో ఒక అన్న 2021లో అలాగే 28 లక్షలు కట్టాడు. అందులో వదిన నగలు కుదువపెట్టినవి ఆరు లక్షలు. సైట్‌లో ఇంకా గుంత కూడా తవ్వలేదు. బిల్డర్ ఫోన్ ఎత్తడు. అన్న ఇప్పుడు ఇంటద్దె, పర్సనల్ లోన్, గోల్డ్ లోన్ మూడూ కడుతున్నాడు. మొన్న క్యాంటీన్‌లో అడిగితే అన్నాడు: “కేసు వేశాం తమ్ముడూ, నూట ముప్పై మందిమి. వాట్సాప్ గ్రూప్ మాత్రం యాక్టివ్‌గా ఉంది.”