కడలి దాటు తల్లులు – వైద్యపు బీమా

మా వీథిలో మూడవ యింటి పెద్దమ్మగారు నిరుటి మాఘమాసమున తాళపుచెవుల గుత్తి మా చేతికిచ్చి, తులసికోటను మాకప్పగించి, అమెరికాలోని కొమార్తె కడకు తరలిపోయిరి. బయలుదేరునాడు ఆవకాయ యెంత, కందిపొడి యెంత యని ఇరుగుపొరుగు వారమందరము తూచి కట్టితిమి. ఆమె మధుమేహమునకు అచ్చట వైద్యమెట్లు జరుగునని అడిగినవారము మాత్రము ఒక్కరమును లేము.

సోదరీమణులారా! ఆ దేశమున పౌరసత్వము పొంది, 21 ఏండ్లు నిండిన బిడ్డయే తల్లిదండ్రులకై అర్జీ పెట్టవలయును. గ్రీన్ కార్డు మాత్రమే కలవారికి ఆ హక్కు లేదు. కొడుకైనను కూతురైనను చట్టమునకొకటే; ఈ యొక్క విషయమున ఆ చట్టము మనకు మిగుల నచ్చినది. అర్జీతోపాటు పోషణభారము తమదేయని బిడ్డలు వ్రాసి యీయవలయును. అది మాటవరుస సంతకము కాదు. తల్లి పౌరురాలగువరకో, 40 త్రైమాసికముల పని లెక్కకు వచ్చువరకో సాధారణముగా ఆ బాధ్యత విడువదు.

గ్రీన్ కార్డు చేతికి వచ్చినచో వైద్యమంతయు సర్కారుదేయని మనలో పలువురి నమ్మకము. అది పొరపాటు. వృద్ధులకైన మెడికేరులో చేరుటకు 65 ఏండ్లు నిండుటయే చాలదు. అచ్చట ఎన్నడును పనిచేయని మన పెద్దవారు 5 సంవత్సరములు ఎడతెగక నివసించియుండవలయును. అటుపిమ్మటను ఉచితము కాదు. 2025లో ఆస్పత్రి భాగమునకు నెలకు 518 డాలర్లు, వైద్యుల భాగమునకు 185 డాలర్లు. లెక్కల పంతులైన మా వారు కూడి చూచి, "ఒక్క మనిషికి ఏటికి 8,436 డాలర్లు" అని కలము క్రింద పెట్టిరి. పేదలకైన మెడికెయిడునకును, 1996 నాటి చట్టముచే, చాలవరకు ఐదేండ్ల నిరీక్షణ కలదు.

మరి యీ ఐదేండ్లు గడచుటెట్లు? మార్కెట్‌ప్లేస్ అను బీమా అంగడి యొకటి కలదు. 2014 నుండి అచ్చటి బీమావారు పాతరోగమును చూపి ఎవరిని కాదనరాదు. అయితే క్రొత్తగా వచ్చినవారు 60 దినములలోపల చేరవలయును. ఆ గడువు దాటెనా, సాధారణముగా నవంబరులో మరల తలుపు తెరచువరకు వేచియుండవలసినదే.

పెద్దమ్మగారి కొమార్తె ఉద్యోగపు తొందరలో ఆ గడువు నెరుగక, యాత్రికులకమ్ము బీమా యొకటి కొని ఊరకుండెను. వైశాఖమున తల్లి కాలికి చిన్న పుండు లేచి, చీము పట్టి, ఆస్పత్రిలో చేర్పవలసివచ్చెను. ఇది పాతరోగపు ఫలమని బీమావారు చేతులెత్తిరి. కాలు దక్కినది, అప్పు మిగిలినది. "నా వలన బిడ్డ కీ కష్టము వచ్చెనే" యని ఆమె ఫోనులో విలపించుచుండ, మాకు నోట మాట రాలేదు. కార్తికమున పేరు వ్రాయించిరి. జనవరి నుండి బీమా అమలునకు వచ్చినది.

వచ్చే నెల మా వీథి నుండి మరియొక తల్లి పయనమగుచున్నారు. నిన్న పోయి, ఆవకాయ సంగతి యెత్తకమునుపే, మందుచీటీలు, వైద్యుని లేఖ, కొన్ని వారములకు సరిపడు మాత్రలు ఒక సంచిలో సర్దించితిమి. అరువదవ దినమెప్పుడగునో క్యాలెండరుపై గుర్తు పెట్టి కుమారునికి చెప్పుమంటిమి.

పెద్దమ్మగారు ప్రతి ఆదివారమును తులసికి నీరు పోసితిరా యని అడుగుచునే యున్నారు. వచ్చి చూడవలెనని కోరిక; దీర్ఘకాలమిచ్చట నిలిచినచో ఐదేండ్ల లెక్క తెగునేమోయని భయము.