నిప్పురవ్వకో ముహూర్తం

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతోంది ఓ పాత అంబాసిడర్. నాలుగో గేరులోంచి మూడుకి, మూడులోంచి రెండుకి... అప్పుడు మొదలైంది బానెట్ కింద చప్పుడు. రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు టకటకటక! యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే మళ్లీ అదే గోల. 'వాల్వులు కొట్టుకుంటున్నాయిరా' అంటారు వెనక సీట్లోని పెద్దాయన. 'పెట్రోల్లో కల్తీ తాతయ్యా' అంటాడు మనవడు. టీ బంకు దగ్గర ఆగితే, పక్కనున్న జీపు డ్రైవరు ఓ చెవి పడేసి తేల్చేస్తాడు... 'టైమింగ్ ముందుకుంది బాబూ!'

అంబాసిడర్, మారుతి 800... రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. అయినా నాన్నగారి గుర్తుగానో, తాతగారి మీద ప్రేమతోనో వాటిని షెడ్డులో కాపాడుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇబ్బందల్లా వాటికి పాయింట్లు పెట్టడం తెలిసిన పాతకాలపు మెకానిక్కులు దొరకడమే. అందుకే ఆ పని ఇంట్లో చేసుకోవడం తెలిస్తే మంచిది. కాకపోతే జాగ్రత్తలు తెలియకుండా బానెట్ ఎత్తకూడదు!

ఇంతకీ ఈ టైమింగ్ ఏంటి? సిలిండర్లో పిస్టన్ పైకొచ్చి పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. సరిగ్గా పైకొచ్చాకే ప్లగ్గు రవ్వ వెయ్యాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ మంట సిలిండర్ అంతా పాకడానికి సుమారు రెండు మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఆ కాస్త వ్యవధిలోనే క్రాంక్ దాదాపు 11 డిగ్రీలు తిరిగిపోతుంది. 3,000 చుట్ల మీదైతే 36 డిగ్రీలు! అందుకే రవ్వ ముందే పడాలి. వేగాన్నిబట్టి ఆ 'ముందు'ను పెంచడానికే డిస్ట్రిబ్యూటర్లో చిన్న బరువులు, స్ప్రింగులు ఉంటాయి. పక్కన వ్యాక్యూమ్ గొట్టం ఉంటుంది. మనం సరిచేసేది మొదటి స్థానాన్ని మాత్రమే.

రవ్వ మరీ ముందుగా పడితే, పైకొస్తున్న పిస్టన్ నెత్తిన మంట సుత్తిలా కొడుతుంది. ఘాట్ మీద వినిపించిన టకటక అదే. పట్టించుకోకపోతే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. ఆలస్యమైతే చప్పుడుండదుగానీ పికప్ చచ్చిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోలు మంచినీళ్లలా తాగుతుంది. హ్యాండిల్ కొట్టి బండి లేపిన రోజుల్లో తెలిసేది టైమింగ్ విలువ! ముందుకున్న ఇంజిన్ వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది. అందుకే పాత డ్రైవర్లు బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచేవారు. విచిత్రమేమిటంటే, 1910 క్యాడిలాక్ కోసం బ్యాటరీ ఇగ్నిషన్ తయారుచేసిన చార్లెస్ కెట్టరింగే, 1912లో అదే కారుకి సెల్ఫ్ స్టార్టర్ పెట్టి హ్యాండిల్ బాధ కూడా తప్పించాడు.

ఇక పనిలోకి వద్దాం. ముందు మీ కారుకి డిస్ట్రిబ్యూటర్ ఉందో లేదో చూసుకోండి. కంప్యూటర్ పెట్టిన కార్లలో రవ్వ ఎప్పుడు పడాలో అదే చూసుకుంటుంది. వాటిలో ఇంట్లో తిప్పి సరిచేసేదేమీ లేదు. పాత కారే అయితే చదునైన చోట, ఆరుబయట ఆపండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, ప్రాణమే తీస్తుంది. న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్లు పెట్టండి. ఉంగరం, గొలుసు, వాచీ తీసేయండి. పెట్రోలు గొట్టం చెమ్మగా ఉందేమో తడిమి చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాతకాలపు రబ్బరు ఉబ్బి పగుళ్లిస్తుంది. అక్కడ లీకుంటే రవ్వతో ఆటలొద్దు!

టైమింగ్ కన్నా ముందు పాయింట్ల గ్యాప్ చూడాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగూ ముందుకెళ్తుంది. వరస తప్పితే చేసిన పని మళ్లీ చెయ్యాల్సిందే. లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్లలో ఈ గ్యాప్ సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ కొద్దిగా రాసుకుంటూ వెళ్లాలి.

తాళంచెవి తీసేసి, ప్లగ్గులు విప్పి, ఒకటో సిలిండర్ రంధ్రం మీద బొటనవేలు ఆనించండి. మరొకరు క్రాంక్ నట్టుకి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే వైపే తిప్పాలి. వేలిని గాలి నెట్టిందంటే పిస్టన్ పైకొస్తున్నట్టు. అప్పుడు పుల్లీ మీది గాటును, మీ కారు పుస్తకంలో చెప్పిన డిగ్రీ గుర్తుకి తెచ్చి ఆపండి. గాటు దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి ఊరుకోవద్దు. బాగా వెనక్కెళ్లి మళ్లీ ముందుకే రావాలి. లేకుంటే టైమింగ్ చైన్ వదులు లెక్క తప్పిస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదా, కింద దిమ్మ మీదా కలిసేట్టు చాక్‌పీసుతో ఓ గీత గీయండి. అదే వెనక్కి రావడానికి దారి. తర్వాత క్లాంప్ బోల్టు కాస్త వదులు చేసి, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు ఒక కొసను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నవైరు దగ్గరా, రెండోది ఇంజిన్ లోహానికీ తగిలించండి. స్విచ్ వేసి, లోపలి రోటర్ తిరిగే వైపు డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పితే బల్బు ఆరుతుంది. ఇప్పుడు ఎదురువైపు మెల్లగా... వెంట్రుకవాసిగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే ముహూర్తం! బోల్టు బిగించి స్విచ్ కట్టేయండి. ఎక్కువసేపు ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది.

టైమింగ్ లైటుంటే ఇంజిన్ నడుస్తుండగానే చూడొచ్చు. ప్రమాదమూ అక్కడే! ఆ మెరుపుల వెలుగులో గాటు కదలకుండా నిలబడినట్టే ఫ్యాను కూడా ఆగినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనిపించొచ్చు. నిజానికి అది వేళ్లు తెంపేంత వేగంలో ఉంటుంది. లైటు వైర్లను కూడా బెల్టుకి దూరంగా ఉంచాలి. ప్లగ్గు వైర్లలో వేల వోల్టులుంటాయి కాబట్టి గాటు సరిగా లేదనిపిస్తే ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్‌ని కాస్త జరిపి, బోల్టు బిగించి మళ్లీ స్టార్ట్ చేయడమే క్షేమం. డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్‌లో సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి అక్కడ ఒక డిగ్రీ జరిపితే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీల తేడా వస్తుంది.

అసలు పరీక్ష మాత్రం ఎత్తు మీదే. టాప్ గేరులో చిన్న మిట్ట ఎక్కించండి. టకటక వినిపిస్తే రోటర్ తిరిగే వైపు ఇంకాస్త జరపండి. రెండుసార్లు జరిపినా ఆగలేదంటే తప్పు టైమింగ్‌లో ఉండకపోవచ్చు. లోపల మసి పేరుకుందేమో, బరువుల స్ప్రింగు సాగిందేమో మెకానిక్కుకి చూపించండి. చాక్‌పీసు గీతను మాత్రం అప్పుడే తుడిచేయకండి, ఘాట్ దిగొచ్చాక మళ్లీ దానితో పనిపడొచ్చు.