11 ఏళ్లు నవ్వుకున్నారు, ఉర్దూలో రాగానే ఉలిక్కిపడ్డారు
జనరల్ జియా మరణంపై వ్యంగ్య నవల: పాఠకుల్లో ఎన్ని తీర్పులో

కరాచీలోని మక్తబా-ఎ-దానియాల్ అనే ప్రచురణ సంస్థ కార్యాలయానికి 2020 జనవరి 6న కొందరు వ్యక్తులు వచ్చారు. తాము పాకిస్తాన్ సైనిక గూఢచార సంస్థ ఐఎస్ఐకి చెందినవారమని చెప్పుకున్నారు. అక్కడ ఉన్న ఒక నవల ప్రతులను పట్టుకుపోయారు. రచయిత ఆచూకీ అడిగారు. పుస్తకం ఏయే దుకాణాలకు చేరిందో ఆ జాబితా కోసం మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. ఈ సంగతిని బయటపెట్టినది ఆ నవలా రచయిత మహమ్మద్ హనీఫే.

ఆ నవల కొత్తది కాదు. 'ఎ కేస్ ఆఫ్ ఎక్స్‌ప్లోడింగ్ మ్యాంగోస్' అనే పేరుతో 2008లోనే ఇంగ్లీషులో వెలువడింది. అదే ఏడాది బుకర్ బహుమతికి పరిశీలించిన 13 నవలల తొలి జాబితాలో చోటు సంపాదించింది. మరుసటి సంవత్సరం ఉత్తమ తొలి గ్రంథంగా కామన్వెల్త్ రచయితల పురస్కారాన్ని అందుకుంది. 11 సంవత్సరాల పాటు పాకిస్తాన్‌లో ఇంగ్లీషు చదువరులు దానిని కొన్నారు, చదివారు, పగలబడి నవ్వారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. 2019 చివరలో సయ్యద్ కాషిఫ్ రజా చేసిన ఉర్దూ అనువాదం రావడంతో పరిస్థితి మారింది. ఇన్నేళ్లూ లేని అభ్యంతరం ఇప్పుడెందుకని హనీఫ్ వేసిన ప్రశ్నకు అధికారికంగా సమాధానం రాలేదు. పుస్తకంలో మారినది భాష ఒక్కటే.

నవలకు ఆధారమైన ఘటన పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1977 జులై 5న సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకుని, 11 ఏళ్లు పాకిస్తాన్‌ను ఏలిన జనరల్ జియా ఉల్ హక్ 1988 ఆగస్టు 17న విమాన ప్రమాదంలో మరణించారు. అమెరికా తయారీ అబ్రామ్స్ ట్యాంకు ప్రదర్శనను చూసి వస్తుండగా ఆయన ఎక్కిన సి-130 విమానం బహావల్‌పూర్ వద్ద ఎగిరిన కొద్ది నిమిషాలకే కూలిపోయింది. అమెరికా రాయబారి ఆర్నాల్డ్ రాఫెల్, జనరల్ అఖ్తర్ అబ్దుర్ రహ్మాన్ సహా సుమారు 30 మంది అందులో ప్రాణాలు కోల్పోయారు. యాంత్రిక లోపం కాదు, విద్రోహ చర్యే కావచ్చునని పాకిస్తాన్ విచారణ బృందం అభిప్రాయపడింది. అమెరికా వైపు నుంచి కొందరు యాంత్రిక లోపమే అన్నారు. దోషి ఎవరో నేటికీ తేలలేదు. బయలుదేరే ముందు విమానంలోకి మామిడిపళ్ల బుట్టలు ఎక్కించారన్న సంగతి మాత్రం జనం నోట నిలిచిపోయింది.

హనీఫ్ స్వయంగా పాకిస్తాన్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ పొంది, ఆ ఉద్యోగం వదిలి పత్రికారచనలోకి వచ్చినవారు. బీబీసీ ఉర్దూ విభాగానికి అధిపతిగా కూడా పనిచేశారు. జియా మరణం వెనుక నిజం ఏమిటో విలేకరిగా వెదికి, దొరకకపోవడంతో కథగా కల్పించానని ఆయన పలుమార్లు చెప్పారు. పుస్తకం పేరులోనే ఒక చమత్కారం ఉంది. ఇంగ్లీషులో 'కేస్' అంటే పెట్టె అనీ, వ్యాజ్యమనీ రెండర్థాలు. పేలే మామిడిపళ్ల పెట్టె ఒకటైతే, ఎన్నటికీ తెగని వ్యాజ్యం రెండవది.

నవలలో జనరల్‌ను చంపడానికి కారణాలు ఒకటికి అరడజను. తండ్రి మరణానికి ప్రతీకారం తీర్చుకోవాలనుకునే అలీ షిగ్రీ అనే శిక్షణార్థి కత్తి మొనకు కట్లపాము విషం పూసుకుంటాడు. గూఢచార శాఖాధిపతి విమానంలోకి విషవాయువు పంపే ఏర్పాటు చేస్తాడు. జైలులో ఉన్న ఒక అంధ స్త్రీ పెట్టిన శాపాన్ని ఒక కాకి మోసుకువస్తుంది. జనరల్ కడుపులో బద్దెపురుగులు ఎవరి సాయమూ లేకుండా తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఇన్ని మృత్యువులు క్యూలో నిలబడి ఉండగా పాఠకుడికి భయం వేయవలసిన చోట నవ్వు వస్తుంది. అమెరికా రాయబారి ఇంటి తోటలో జరిగే విందుకు 'ఓబీఎల్' అనే పేరుతో ఒక కట్టడాల గుత్తేదారు హాజరవుతాడు. ఆయన ఎవరో 2001 తర్వాతి పాఠకుడికి వివరించనవసరం లేదు.

అత్యధికులు చెప్పుకునే ఘట్టం మరొకటి. ప్రజలు తన గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని జనరల్ శాలువా కప్పుకుని, తోటమాలి సైకిలెక్కి రాత్రిపూట బయటికి వెళతాడు. మారువేషంలో నగర సంచారం చేసిన రాజుల కథలు వినని పిల్లవాడు ఈ ఉపఖండంలో ఉండడు. కానీ ఇక్కడ దారిలో అడ్డగించిన పోలీసు కానిస్టేబుల్ ఆయనను గుర్తుపట్టడు. కోడిలా వంగి, కాళ్ల మధ్య నుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టుకోమంటాడు. ఆపైన దేశాధినేతను తిట్టమంటాడు. దేశాధినేత తిట్టుకుంటాడు.

ఈ దృశ్యం దగ్గరే పాఠకులు రెండుగా చీలిపోయారు. చచ్చిపోయి, జవాబు చెప్పుకోలేని మనిషిని ఇంతగా వెక్కిరించడం ధర్మమా అని కొందరి ప్రశ్న. జియా కుమారుడు ఇజాజుల్ హక్ తరఫున పరువునష్టం నోటీసు కూడా వచ్చిందని హనీఫ్ వెల్లడించారు. ఇంతకన్నా ఎక్కువే రాయవలసిందని మరికొందరి మాట. వీరికి ఆధారం లేకపోలేదు. నవలలోని అంధ స్త్రీ జైనబ్ సామూహిక అత్యాచారానికి గురై, నేరస్థులను కంటితో గుర్తించలేనందున తానే వ్యభిచార నేరంపై మరణశిక్షకు గురవుతుంది. అతిశయోక్తిగా తోస్తుంది. కానీ 1979లో జియా తెచ్చిన హుదూద్ శాసనాల కింద, 1983లో నిజంగానే ఒక అంధ యువతికి జైలు, కొరడా దెబ్బల శిక్ష పడింది. దేశవిదేశాలలో నిరసన చెలరేగిన పిమ్మట ఫెడరల్ షరియత్ న్యాయస్థానం ఆమెను విడుదల చేసింది. హాస్యమెక్కడ ముగిసి వార్త ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

నవలను నవలగా తీసుకోలేనివారు మూడవ వర్గం. ఒక మాజీ గూఢచార అధికారి తనను పక్కకు పిలిచి, పుస్తకం చాలా బాగుందని మెచ్చుకుని, ఇంతకూ ఈ సమాచారం నీకెవరిచ్చారని అడిగినట్టు హనీఫ్ చెబుతుంటారు. ఒక కల్పనా రచయితకు ఇంతకన్నా మంచి సమీక్ష దొరకదు.

సాహిత్యపరమైన ఆక్షేపణలూ ఉన్నాయి. జోసెఫ్ హెల్లర్ 1961 నాటి నవల 'క్యాచ్-22'తో విమర్శకులు దీనిని పోల్చారు. ఆ పోలికే దీనికి బరువైందని అనేవారున్నారు. కుట్రల మీద కుట్రలు పేర్చడంతో చివరి భాగం బిగువు తప్పిందన్నది మరో ఫిర్యాదు. అది కొంతవరకు నిజమే. అయితే కాకి, శాపం వంటివి అనవసరమన్న వాదనతో ఏకీభవించడం కష్టం. చట్టం దగ్గర న్యాయం దొరకని స్త్రీకి శాపం తప్ప వేరే ఆయుధమేముంది?

మన దేశంలో ఈ నవలను హాయిగా ఆస్వాదించారు. పొరుగింటి నియంతను చూసి నవ్వడంలో ఖర్చు ఉండదు. అదే 2008లో, అదే బుకర్ జాబితాలో ఉండి, చివరికి బహుమతి గెలిచిన అరవింద్ అడిగ 'ద వైట్ టైగర్' విషయంలో ఈ ఉదారత కనిపించలేదు. యజమానిని చంపి వ్యాపారి అయిన ఒక డ్రైవరు చైనా ప్రధానికి రాసుకున్న ఉత్తరాల కథ అది. మన పేదరికాన్ని విదేశీయులకు అమ్ముకున్నారని, డ్రైవర్లు అలా మాట్లాడరని ఇక్కడ చాలామంది నొచ్చుకున్నారు. అద్దం మనవైపు తిరిగితే గాజు నాణ్యత గుర్తుకు వస్తుంది.

ఇక భాష విషయం. పాకిస్తాన్‌లో ఇంగ్లీషు నవలలు చదివేవారు స్వల్ప సంఖ్యాకులు. వారు విందులలో నవ్వుకున్నంత మాత్రాన రాజ్యానికి నష్టమేమీ లేదు. ఉర్దూ పుస్తకం చేరేది బడి పంతులుకు, గుమాస్తాకు, జనరల్‌ను కోడిలా వంగబెట్టిన ఆ కానిస్టేబుల్‌కు. వచ్చినవారి భయం ఇదే అయితే, అది కాస్త ఆలస్యమైన భయమే. ఇస్లామాబాద్‌లోని ఫైసల్ మసీదు ఆవరణలో జియా సమాధి ఉంది. విమానం కూలిన తర్వాత ఆయన దవడ మాత్రమే దొరికిందన్న ప్రచారంతో ఆ సమీపంలోని కూడలిని స్థానికులు 'జబ్డా చౌక్' అని, అంటే దవడ కూడలి అని, పిలుచుకుంటారు. హనీఫ్ నవల రాయకముందు నుంచే బస్సులు అక్కడ ఆగుతున్నాయి.