కత్తెర పురుగు నివారణకు తక్కువ హాని గల మందులు - పరీక్షల ఆవశ్యకత

అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగును మన దేశంలో తొలిసారిగా 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో గుర్తించారు. అదే సంవత్సరం అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మొక్కజొన్న చేలకు వ్యాపించింది. తల్లి పురుగు తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

పురుగు కనిపించిన వెంటనే తీవ్ర విషప్రభావం గల మందులను పదేపదే చల్లడం వల్ల సాగు ఖర్చు పెరగడమే గాక, పిచికారీ చేసే కూలీల ఆరోగ్యానికి ముప్పు వాటిల్లుతుంది. మిత్ర పురుగులు నశిస్తాయి. మొక్కజొన్న చొప్ప పశువుల మేత కూడా కావడంతో అవశేషాల సమస్య పశుపోషకులకు సైతం సంబంధించినదే. ఈ కారణంగా వేపగింజల కషాయం, బాసిల్లస్ తురింజెన్సిస్ బాక్టీరియా, మెటారైజియం రైలీ శిలీంధ్రం, నేలలోని సూక్ష్మజీవి నుండి రూపొందిన స్పైనటోరామ్, పురుగు కండరాలను స్తంభింపజేసే క్లోరాంట్రానిలిప్రోల్ వంటి వాటిపై శాస్త్రవేత్తలు దృష్టి సారించారు.

హాని తక్కువ అన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని భావించరాదు. ప్రయోగశాలలో మందు ద్రావణంలో ముంచిన ఆకులను ఒకే వయసు గల లద్దెపురుగులకు ఆహారంగా ఇచ్చి, నిర్ణీత గంటల అనంతరం మరణాలను లెక్కిస్తారు. మందు లేని ఆకులు తిన్నవాటిలో సంభవించిన సహజ మరణాలను మినహాయించి ఫలితాన్ని నిర్ధారిస్తారు. బాక్టీరియా, శిలీంధ్రాలు నిదానంగా పనిచేస్తాయి కనుక మరణాలతో పాటు పురుగు మేత మానినదీ లేనిదీ గమనిస్తారు.

అసలు పరీక్ష పొలంలోనే జరుగుతుంది. పురుగు ఆకు సుడిలో దాగి, తన విసర్జనతో సుడిని కప్పివేస్తుంది. ప్రయోగశాలలో నెగ్గిన మందు అక్కడికి చేరకపోతే ప్రయోజనం శూన్యం. అందువల్ల ప్రతి మందును పలు మడులలో చల్లి, మందు చల్లని మడులతో పోల్చి చూస్తారు. బతికిన పురుగులు, ఆకుల నష్టం, మిత్ర పురుగుల సంఖ్య, గింజ దిగుబడి, ఖర్చులను నమోదు చేస్తారు.

తక్కువ హాని అంటే హాని లేదని అర్థం కాదు. క్లోరాంట్రానిలిప్రోల్ మనుషులకు తక్కువ విషపూరితమైనప్పటికీ నీటిలోని చిన్న జీవులకు ప్రమాదకరం. చెరువులు, కాలువలలో ఈ మందు కలవకుండా జాగ్రత్త వహించాలి. ఒకే వర్గం మందును వరుసగా వాడితే పురుగు నిరోధకశక్తి పెంచుకుంటుంది.

ఈ మందులన్నీ చిన్న పురుగులపైనే ఎక్కువగా పనిచేస్తాయి. ఎదిగిన పురుగు సుడి లోపలికి చేరిన పిమ్మట ఫలితం తగ్గుతుంది. కావున మొలక దశ నుండే పైరును పరిశీలిస్తూ, గుడ్ల సముదాయాలను ఏరి నాశనం చేయాలి. కేంద్ర క్రిమిసంహారకాల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ మొక్కజొన్నకు ఆమోదించిన మందులనే, వ్యవసాయాధికారుల సలహా మేరకు, సిఫారసు చేసిన మోతాదులో వాడవలసి ఉంటుంది.